బేకరీ కేసులో రెండో భాగం

సుభాషిణి క్లాసు ఏ గదిలో జరుగుతోందో మా కాలేజీలో ఎవరినీ అడగనక్కర్లేదు. అరుపులు ఎక్కడి నుంచి వస్తుంటే అదే ఆమె గది. నేను స్టాటిస్టిక్స్ చెబుతాను. పక్కగదిలో నేను సగటు గురించి, విచలనం గురించి గొంతు చించుకుంటుంటే గోడ అవతల నుంచి "అట్లెట్లయితది?", "ఆయన్ని తీసేస్తే అయిపాయె గద!" అని కేకలు వినబడేవి. నా పిల్లలు కళ్లు బోర్డు మీద పెట్టి చెవులు గోడకు అప్పగించేవాళ్లు. మొదట్లో వెళ్లి తలుపు కొట్టేవాణ్ణి. ఆమె బయటికి వచ్చి, "సారీ సార్, జర చెప్త వాళ్లకు" అనేది. లోపలికి వెళ్లి ఇంకో ప్రశ్న వేసేది. గోల రెట్టింపయ్యేది. చివరికి నేనే ప్రిన్సిపాల్‌ను బతిమాలి వేరే గది తీసుకున్నాను.

ఆమె చెప్పేది మేనేజ్‌మెంట్. మాది ఎంబీఏ కాలేజీ, హనుమకొండ దాటాక పొలాల మధ్య ఉంటుంది. పిల్లలు నెక్కొండ నుంచి రైల్లోనూ వర్ధన్నపేట నుంచి బస్సులోనూ వస్తారు. ఎక్కువమందివి పత్తి, మిర్చి పండించే ఇళ్లు. ఏం చదువుతున్నావని ఊళ్లో అడిగితే "ఆఫీసు చదువు" అని చెప్పి తప్పించుకుంటారు. ఆ చదువులో ఏముంటుందో మొదటి ఏడాది అయిపోయేదాకా వాళ్లకూ తెలియదు. సుభాషిణి క్లాసుకు వెళ్తే మాత్రం మొదటి వారంలోనే తలనొప్పి మొదలవుతుంది.

ఎందుకంటే ఆమె పాఠం చెప్పదు, కేసు ఇస్తుంది. కేసు అంటే నిజంగా జరిగిన ఒక వ్యాపారం కథ. నాలుగైదు పేజీలుంటుంది. యజమాని ఒక చిక్కులో ఇరుక్కునే దాకా మొదటి భాగం నడుస్తుంది, అక్కడ ఆగిపోతుంది. నువ్వే ఆ యజమానివైతే ఏం చేస్తావని క్లాసంతా వాదించుకోవాలి. వాదన అయ్యాక చేతులెత్తాలి. అప్పుడు రెండో భాగం పంచుతుంది. ఆ మనిషి నిజంగా ఏం చేశాడో, తర్వాత ఏమైందో అందులో ఉంటుంది. అది చదివాక మళ్లీ చేతులెత్తాలి. అభిప్రాయం మార్చుకున్నవాళ్లు లేచి కారణం చెప్పాలి. ఏది సరైన జవాబో టీచరు ఎప్పుడూ చెప్పకూడదట. ఇది ఎక్కడి చదువమ్మా, పంచాయితీ కాదా అని నేను ఆమెతో చాలాసార్లు అన్నాను. నా సబ్జెక్టులో లెక్క చివర జవాబుంటుంది, దాని కింద రెండు గీతలు గీస్తే ప్రాణం హాయిగా ఉంటుంది. జవాబు లేకుండా గంట కొట్టేస్తే నాకు అన్నం సహించదు.

ఆమె చేరిన కొత్తలో కేసులన్నీ విదేశాలవి. విమానాల కంపెనీలు, కాఫీ కొట్లు, కార్ల ఫ్యాక్టరీలు. ఒకసారి ఏటూరునాగారం వైపు నుంచి వచ్చిన ఒక కుర్రాడు లేచి, "మేడం, విమానాల కంపెనీ మునుగుతాంటే నన్నేం చెయ్యమంటరు? నేనిప్పటిదాక విమానమే ఎక్కలే" అన్నాడు. క్లాసు నవ్వింది. ఆమె కూడా నవ్విందిగాని ఆ మాట మనసులో పెట్టుకుంది. అప్పటి నుంచి ఆదివారం వస్తే స్కూటీ తీసి బయల్దేరేది. వర్ధన్నపేటలో టెంట్ హౌస్ నడిపే అన్నదమ్ముల దగ్గర కూర్చుని వాళ్ల గొడవ రాసుకొచ్చింది. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతరకు బెల్లం అమ్మే కుటుంబం జాతర లేని ఏడాది ఎలా బతుకుతుందో కనుక్కుని వచ్చింది. ఆమె భర్త కాజీపేటలో రైల్వే ఉద్యోగి. "మా ఆమె ఆదివారం సీబీఐ ఆఫీసరైతది" అని ఒకసారి నాతో అని నవ్వాడు.

వీటన్నిటిలోకి పేరున్నది బేకరీ కేసు. జగిత్యాలలో ఇద్దరు స్నేహితులు కలిసి ఒక చిన్న బేకరీ నడుపుతుంటారు. ఒకాయన పిండి కలిపి మలిస్తే రెండో ఆయన పొయ్యి దగ్గర నిలబడి బిస్కెట్లు కాల్చి తీస్తాడు. మంచి పేరుంటుంది. కొన్నేళ్లకు పొయ్యి దగ్గరి ఆయన చేయి వణకడం మొదలవుతుంది. బిస్కెట్లు కొన్ని మాడతాయి, కొన్ని పచ్చిగా వస్తాయి. సరిగ్గా అప్పుడే హైదరాబాద్ నుంచి ఒక పెద్ద వ్యాపారి వస్తాడు. ఏడాది పొడుగునా ఆర్డర్లు ఇస్తాను, కాని పొయ్యి దగ్గర ఆ మనిషి ఉండకూడదు, ఇంకొకర్ని పెట్టుకో అంటాడు. పిండి కలిపే యజమానికి స్కూల్లో చదివే కూతురుంటుంది, పైకప్పు కారే ఇల్లుంటుంది. ఆర్డరు తీసుకోవాలా, వద్దా? మొదటి భాగం అక్కడితో అయిపోతుంది.

ఏ బ్యాచ్‌కు ఇచ్చినా తీర్పు ఒక్కటే. తీసుకోవాలి. కాదనే చేతులు ఒకటీ అరా లేచినా రెండో భాగం చదివాక అవీ దిగిపోతాయి. ఎందుకంటే ఆ యజమాని ఆర్డరు వద్దంటాడు, చివరికి మునిగిపోతాడు. ఆ యజమానిని పిల్లలు తిట్టే తిట్లు వరండాలోకి వినబడతాయి. పిచ్చోడు, వ్యాపారం చేతకానోడు, సెంటిమెంట్ గాడు. సుభాషిణి ఆ మాటలన్నీ ఓపిగ్గా బోర్డు మీద రాస్తుంది. నాకు ఈ కేసులో ఒక్క విషయం నచ్చేది, జవాబు దాదాపు లెక్కలాగే తేలేది.

కిందటేడు మా కాలేజీలో అడ్మిషన్లు పడిపోయాయి. మా ప్రిన్సిపాల్ రాజేశ్వర్ రావుకు ఒక ఆలోచన వచ్చింది. తల్లిదండ్రుల్ని ఒకరోజు కాలేజీకి పిలిచి పిల్లల పక్కనే క్లాసులో కూర్చోబెట్టాలి. చూసి వెళ్లి ఊళ్లో నాలుగు మంచి మాటలు చెబుతారు. ఆయన నా క్లాసు గురించి ఆలోచించను కూడా లేదు. నేరుగా సుభాషిణి దగ్గరికి వచ్చి, "గా బేకరీ చెయ్యమ్మా. కొట్లాట మంచిగుంటది, వచ్చినోళ్లకు హుషారుంటది" అన్నాడు. ఆమె టెంట్ హౌస్ చేస్తానంది. బెల్లం చేస్తానంది. ఆయన వినలేదు, అప్పటికే పిలుపు కాగితంలో బేకరీ అని వేయించేశాడు.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆమె నా ఎదుట కూర్చుని టీ తాగలేదు. చల్లారిపోతోందని చెప్పినా గ్లాసు ముట్టలేదు.

"సార్, మా బాపు వస్తాండట గా రోజు" అంది.

"మీ బాపా? ఆయన తల్లిదండ్రుల లెక్కలోకి ఎట్లొస్తడు?" అన్నాను.

"నేనూ అదే అన్న. నా ఫోన్‌ల పిలుపు కాగితం సూసిండు. 'తల్లిదండ్రులు అని రాసిండ్రు గద, నేను నీ తండ్రినే గద' అంటాండు. ఎన్ని దినాల సంది అడుగుతాండో సార్, నీ పాఠం ఒక్కసారి ఇంట బిడ్డా అని. ఏదో ఒకటి చెప్పి ఆపుకుంటొచ్చిన."

"వస్తే రానియ్యి. కూతురు గొప్ప చూసుకుంటడు."

ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "బేకరీ లేదు సార్. జగిత్యాల లేదు. అది మా బాపు ముచ్చట."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. సుభాషిణిది వరంగల్ కొత్తవాడ. తండ్రి పండరి జంపఖానాలు నేసేవాడు. పెళ్లిళ్లలో, సభల్లో పరిచే ఆ వెడల్పాటి జంపఖానాలను ఒక్కరు నేయలేరు. ఒకే మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు. ఒకరు అడ్డంగా వేసే పేక నూలు సగందాకా తెచ్చి అందిస్తే రెండోవాళ్లు అందుకుని అవతలి అంచుకు తీసుకుపోతారు. ఇనుప పళ్లున్న పంజాతో ఇద్దరూ ఒక్కసారే కొట్టాలి. అలా కూర్చున్న ఇద్దరినీ జోడి అంటారు. పండరి జోడి పేరు సారయ్య. పెళ్లికాక ముందు నుంచీ ఇద్దరూ ఒకే మగ్గం మీద నేశారు. వాళ్ల వాడలో ఒక పద్ధతి ఉండేది. జోడిలో ఒకరు తమంతట తాము లేచి వెళ్లాలి తప్ప, రెండోవాళ్లు ఆ చోట ఇంకొకర్ని కూర్చోబెట్టకూడదు. వణికింది సారయ్య చేయి. వంకరపోయింది జంపఖానా అంచు. హైదరాబాద్ వ్యాపారి మాత్రం నిజంగానే వచ్చాడు, సారయ్య ఉండకూడదన్న షరతుతోనే వచ్చాడు.

పండరి వద్దన్నాడు. ఎందుకన్నాడో ఎవరికీ చెప్పలేదు. మగ్గం మూతబడ్డాక హనుమకొండ చౌరస్తాలో ఒక బట్టల షాపు దగ్గర కాపలా ఉద్యోగానికి కుదిరాడు. సుభాషిణి అప్పుడు ఇంటర్ చదువుతోంది. ఇంటి వెనక చీరలకు ఫాల్స్ కుట్టి తల్లి విమలమ్మ ఇల్లు నెట్టుకొచ్చింది, ఈ కథ సుభాషిణికి చెప్పింది కూడా ఆమే. పండరి మాత్రం ఆ వ్యాపారి మాట ఆ తర్వాత ఎత్తలేదు. ఇంట్లో ఎవరైనా ఎత్తితే లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

"అడిగి రాస్తే వద్దంటడని అడగలేదు సార్. పేరు మార్చిన, ఊరు మార్చిన, పని మార్చిన" అంది సుభాషిణి. "క్లాసుల పిల్లలు పిచ్చోడు అని తిడుతాంటే నేనే బోర్డు మీద రాస్తాన. అది కేసు, గా మనిషి మా బాపు కాదు అనుకుంట. ఇప్పుడు ఆయనే వచ్చి కూసుంటే? మొత్తం క్లాసు చేతులెత్తి నువ్వు తప్పు అంటే, ఆయన మొకం నేనెట్ల సూడాలె?"

"తెలుసుకుంటడంటవా?"

"ఆయన బతుకు ఆయనకు తెల్వదా సార్?"

నాకు ఆమె మీద జాలి కలిగింది, కోపం కూడా వచ్చింది. కన్నతండ్రిని తెచ్చి పరీక్షకు పెట్టి, అందరిచేతా ఫెయిల్ చేయించి, పైగా దాన్ని చదువంటుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆమె ముఖం చూసి మింగేశాను. ఆయన పక్కన నేను కూర్చుంటానని మాత్రం మాటిచ్చాను.

ఆ రోజు పండరి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని అందరికంటే ముందే వచ్చాడు. సన్నటి మనిషి, వయసు డెబ్బై దాటింది, నడుము కాస్త ముందుకు వంగింది. చేతివేళ్లు మాత్రం ఆ ఒంటికి మించి పెద్దవిగా ఉన్నాయి. నా పేరు అడిగాడు, ఊరడిగాడు, ఏం చెబుతావని అడిగాడు. స్టాటిస్టిక్స్ అంటే లెక్కలని చెప్పాను. "మంచిది సార్, లెక్కలు చెప్పుకోవచ్చు. మా బిడ్డ వ్యాపారం నేర్పుతదట. మా ఇంట్ల ఎవ్వరం చెయ్యంది అదెట్ల నేర్పుతదో సూద్దామని వచ్చిన" అని నవ్వాడు. ఆ నవ్వులో బోలెడు గర్వం ఉంది. వచ్చిన తల్లిదండ్రులకు ఇంగ్లీషు ఇబ్బంది అవుతుందని ఆరోజు కేసును తెలుగులో తయారుచేశారు. ఆయనకు కూడా ఒక ప్రతి ఇచ్చారు. కళ్లజోడు పెట్టుకుని, పెదవులు కదుపుతూ నెమ్మదిగా చదివాడు.

సుభాషిణి బోర్డు దగ్గర నిలబడి ఆయన్నే చూస్తోంది. నేనూ ఆయన్నే చూస్తున్నాను. చివరి పేజీ అయిపోయింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని నా వైపు వంగాడు.

"ఈ బేకరాయన ఏం మనిషి సార్? ఇంట్ల ఆడపిల్లను పెట్టుకుని ఇంకా ఆలోచన చేస్తాండు" అన్నాడు.

ఆయన తెలుసుకోలేదు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పిండి, పొయ్యి, బిస్కెట్లు, జగిత్యాల. ఆయన ఇంకెవరి ఇంటికో వెళ్లినట్టు హాయిగా కూర్చున్నాడు. కూతురు అంత బాగా దాచింది. నేను సుభాషిణి వైపు చూసి తల అడ్డంగా ఊపాను. ఆమె భుజాలు దిగాయి. ఇక క్లాసు ఎప్పటిలాగే నడుస్తుందని ఇద్దరం అనుకున్నాం.

నడిచింది కూడా. కావ్య అనే అమ్మాయి లేచి, వాటా డబ్బు చేతికిచ్చి స్నేహితుణ్ణి మర్యాదగా పంపించాలంది. ఇంకొకతను, పంపనక్కర్లేదు, గల్లాపెట్టె దగ్గర కూర్చోబెడితే చాలన్నాడు. వ్యాపారి ఒప్పుకోడు కదా అని నలుగురు అతని మీద పడ్డారు. ఓంప్రకాశ్ అని ఒక గట్టి గొంతువాడున్నాడు. వాళ్ల నాన్నకు నర్సంపేటలో ఎరువుల దుకాణం ఉంది. అతను బల్ల గుద్ది, "సెంటిమెంట్‌తోని దుకాణం నడవది మేడం. ఆయనకు వ్యాపారమే రాదు. గసొంటోడు మూసుకుని ఇంట్ల కూసోవాలె" అన్నాడు. తల్లిదండ్రులు తలలూపారు. పండరి అందరికంటే ఎక్కువ ఊపాడు. "పోరడు కరెక్ట్ మాట్లాడుతాండు" అని నాతో అన్నాడు. సుభాషిణి ఆ మాటలన్నీ బోర్డు మీద రాస్తోంది. ఆమె చేతిరాత రోజూ గుండ్రంగా ఉంటుంది, ఆరోజు వరసలు కిందికి జారాయి.

"భాగస్వామిని తప్పించి ఆర్డర్ తీసుకోవాలనేవాళ్లు చేతులెత్తండి" అంది. చేతులన్నీ లేచాయి. పండరి చేయి కూడా లేచింది, అదీ ఉత్సాహంగా.

ఓంప్రకాశ్ వెనక్కి తిరిగి చూసి ముచ్చటపడ్డాడు. "మేడం, పెద్దనాయన గూడ ఎత్తిండు. జర ఆయన్ని మాట్లాడనిద్దాం" అన్నాడు. సుభాషిణి వద్దనేలోపే ఆయన లేచి నిలబడ్డాడు. లుంగీ సర్దుకున్నట్టు ప్యాంటు సర్దుకున్నాడు.

"నేను సదువుకున్నోన్ని కాదు. నాకు సమజైంది చెప్త. సోపతిగానికి చెయ్యి వణుకుతాంది, పాపం, నిజమే. ఆయన్ని సూసుకోవాలె, నిజమే. కని ఇంట్ల ఒక బిడ్డ సదువుకుంటాంది అని రాసిండ్రు. గా బిడ్డ మొకం సూడొద్దా? రేపు ఫీజు కట్టకుంటే సార్లు నిలబెడుతరు. తోటి పోరగాండ్లు నవ్వుతరు. తండ్రి అన్నోడు ముందుగాల గది సూడాలె. ఈ బేకరాయన అన్నీ సూసిండు, బిడ్డనొక్కదాన్ని సూడలే. అది తప్పు."

తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. పండరి సిగ్గుపడుతూ కూర్చున్నాడు. సుభాషిణి బోర్డు వైపు తిరిగి నిలబడింది. వెనక నుంచి చూస్తే ఆమె ఏదో రాస్తున్నట్టే ఉంది. నేను దగ్గరగా చూశాను, చాక్‌పీసు బోర్డుకు తగలనేలేదు. కూతురు ఇన్నేళ్లుగా తండ్రిని అడగని మాట అది. అడగకపోయినా ఎప్పుడో ఒకప్పుడు అనుకునే ఉంటుంది, ఇంటర్‌లో ఫీజు గడువు దాటి గేటు దగ్గర నిలబడ్డప్పుడైనా అనుకునే ఉంటుంది. ఇప్పుడు ఆ తండ్రే లేచి అందరిముందూ ఆ మాట అన్నాడు. ఎవర్ని అన్నాడో ఆయనకే తెలియదు.

రెండో భాగం ఒక్క పేజీయే. సుభాషిణి పంచకుండా ఆపేస్తుందేమో అనుకున్నాను. కాని కాగితాలు అప్పటికే కావ్య చేతిలో ఉన్నాయి, పంచేసింది. అందరికీ అందాక ఆ అమ్మాయే పైకి చదవడం మొదలుపెట్టింది.

"యజమాని ఆర్డరు వద్దన్నాడు. కారణం ఎవరికీ చెప్పలేదు. మరుసటి ఏడాది దసరా తర్వాత భాగస్వామి ఎవరికీ చెప్పకుండా భీవండిలో ఉన్న తన అల్లుడి దగ్గరికి వెళ్లిపోయాడు..."

పండరి కాగితం మీద వేలు పెట్టాడు. ఆ వేలు అక్కడే ఆగింది.

"సార్," అన్నాడు నాతో మెల్లగా, "బిస్కెట్లు కాల్చేటోడు భీవండికి ఎందుకు పోతడు?"

జగిత్యాలలో బిస్కెట్లు కాల్చే మనిషి హైదరాబాద్ పోతాడు, దుబాయ్ పోతాడు. భీవండి ముంబై దగ్గరి మగ్గాల ఊరు. పేరు మార్చింది, ఊరు మార్చింది, పని మార్చింది, భీవండిని మాత్రం మార్చలేదు. కొత్తవాడలో పుట్టిన పిల్లకు అది మార్చాల్సిన విషయంగా తోచదు. వాళ్ల వాడలో ఎవరైనా వెళ్లిపోయారంటే భీవండికే వెళ్లారని అర్థం. పక్కింటివాళ్లు అక్కడికే వెళ్లారు, మేనమామలు అక్కడికే వెళ్లారు. ఇన్ని బ్యాచులు చదివాయి, ఒక్కరూ అడగలేదు. పత్తి పండించే ఇళ్ల పిల్లలకు భీవండి ఒక ఊరు పేరు, అంతే. నిజానికి నేను కూడా ఆ పేజీ ఎన్నోసార్లు చదివాను.

కావ్య చదువుతూనే ఉంది. "ఆ స్థానంలో యజమాని ఇంకెవరినీ పెట్టుకోలేదు. తాను ఒక్కడే చేయగలిగిన చిన్న సరుకు మాత్రం చేసి అమ్మాడు. రెండేళ్ల తర్వాత బేకరీ మూసేసి, ఒక సినిమా హాలు దగ్గర కాపలాదారుగా చేరాడు."

పండరి తలెత్తి కూతురి వైపు చూశాడు. ఆమె అప్పటికే ఆయన్ని చూస్తోంది. ఇద్దరి మధ్యలో అరవై తలలున్నాయి. ఆయన ముఖంలో కోపం లేదు. ఇన్నేళ్లూ ఎవరికీ కనిపించడం లేదనుకున్న మనిషి, ఎవరో చూశారని తెలిసినప్పుడు ఎలా ఉంటాడో అలా ఉన్నాడు. కాగితాన్ని మోకాళ్ల మీద పెట్టుకుని, అరచేత్తో ఒకసారి సాపు చేశాడు.

ఓంప్రకాశ్ ఆగలేకపోయాడు. "నేను చెప్పలేదా మేడం? ఎవరికోసం ఆర్డర్ ఇడిసిపెట్టిండో ఆయనే చెప్పకుంట ఉరికిండు. ఇగ ఇంతకంటే రుజువు ఏం గావాలె?" క్లాసంతా అవునంది. కావ్య కాగితం తిప్పి చూసి, "మేడం, గా బిడ్డ ఏమైంది? అంకుల్ అన్నడు గద, ఇందుల రాయలే" అంది. ఈ ప్రశ్న ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. కేసులో లేదు, ముందుకు పోదాం అని సుభాషిణి ఏటా ఒకే జవాబు చెబుతుంది.

"సదువుకున్నది" అంది ఆరోజు. "ఫీజు ఆలస్యమైంది గని సదువు ఆగలేదు. గాయన డబుల్ డ్యూటీ చేసి కట్టిండు."

ఆ మాట అంటూ ఆమె ఓంప్రకాశ్ వైపూ చూడలేదు, కావ్య వైపూ చూడలేదు. పిల్లలు అదేమీ గమనించలేదు. డబుల్ డ్యూటీ అన్న వివరం ఏ పేజీలో ఉందోనని ఒకరిద్దరు కాగితాలు తిరగేశారు.

"మళ్లీ చేతులెత్తండి" అంది. "ఆర్డర్ తీసుకోవాల్సింది అనేవాళ్లు."

అన్ని చేతులూ లేచాయి. పిల్లల పక్కన తండ్రులూ తల్లులూ ఎత్తారు. నేనూ ఎత్తాను, ఎందుకంటే ఆ కాగితం మీద ఉన్నంతవరకూ నాకు ఇప్పటికీ అదే జవాబు. పండరి చేతులు ఆయన మోకాళ్ల మీదే ఉన్నాయి.

"వద్దనడమే సరైంది అనేవాళ్లు."

ఈ ప్రశ్న ఆమె ఏటా మర్యాద కోసం అడుగుతుంది. అడుగుతూనే డస్టర్ అందుకుంటుంది. ఆరోజు మాత్రం డస్టర్ అందుకోలేదు. పిల్లలు పుస్తకాలు సర్దుకుంటున్నారు, బయట బస్సు హారన్ కొడుతోంది. నా పక్కన పండరి చేయి లేచింది. మొదటిసారి ఎత్తినంత హుషారుగా కాదు. మోచేయి ఇంకా మోకాలి మీదే ఆనించి, వేళ్లు విప్పి, అలా నిలబెట్టాడు.

ముందు వరసవాళ్లు ఒకరినొకరు పొడుచుకున్నారు. పెద్దాయనకు ప్రశ్న అర్థం కాలేదేమో అని ఎవరో గుసగుసలాడారు. ఓంప్రకాశ్ మళ్లీ వెనక్కి తిరిగి, "పెద్దనాయనా, ఇది రెండోది. ఇందాక మీరే తిట్టిండ్రు గద ఆయన్ని" అన్నాడు. పండరి చేయి దించలేదు.

సుభాషిణి బోర్డు దగ్గర నుంచి ఒక అడుగు ముందుకు వేసింది.

"మీరు మొదటిసారి అటు ఎత్తిండ్రు" అంది తండ్రితో, అందరితో అన్నట్టే. "ఇప్పుడు ఇటు ఎత్తిండ్రు. మార్చుకున్నోళ్లు కారణం చెప్పాలె. మా క్లాసుల రూలు."

ఆయన లేచాడు. కాగితాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పిల్లలు నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు.

"అప్పుడు గాయన ఎవరో నాకు తెల్వది, మేడం" అన్నాడు.

కొందరు నవ్వారు కూడా. సుభాషిణి బోర్డు వైపు తిరిగి, వద్దనడమే సరైందన్నవాళ్ల ఖాళీ వరసలో ఒకటి అని వేసింది. మళ్లీ మా వైపు తిరగలేదు. గంట కొట్టాక, పిల్లలు వెళ్లిపోయాక కూడా అలాగే నిలబడి ఉంది. పండరి కుర్చీల మధ్య నుంచి నెమ్మదిగా నడుచుకుంటూ ఆమె పక్కకు వెళ్లి నిలబడ్డాడు.